గడ్డం దాకా కర్ర

ఆమెకు వంగనమ్మ అని పేరు పెట్టింది వదినే. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, దాన్ని ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఎవరూ చూడరు. నేల మీద పడ్డ చెంచా తీయడానికి ఎవరైనా నడుము వంచితే చాలు, వెనకనుంచి ఆమె గొంతు తగులుకునేది. "వంగకు! మోకాళ్లు మడిచి కూర్చో, తీసుకో, లే!" ఇంటికొచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు గుమ్మం పక్కన స్టూలు వేసి, దాని మీద కూర్చోబెట్టి మరీ చెప్పులు వేయించేది. గ్యాస్ బండ తెచ్చినతన్ని కూడా వదల్లేదు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా!" అని వదిన ఒకసారి ఆటపట్టించింది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. వదిన పెట్టింది కాబట్టి వంగనమ్మ కూడా నవ్వేసి ఊరుకుంది. వదిన అంటే ఆమెకు అంత ఇష్టం.

వంగడమంటే ఆమెకు ఊరికే భయం పుట్టలేదు. కొత్తగా లేచే ఇళ్లకు వాళ్ల నాన్న వెదురు పరంజాలు కట్టేవాడు. చివరి రోజుల్లో నడుము వంగిపోయి, నేలను చూస్తూ తప్ప నడవలేకపోయాడు. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల పాదాలు చూసి పేరు పెట్టి పిలిచేవాడు. ఆస్తి అంటూ ఇద్దరు పిల్లలకీ ఆయన మిగిల్చింది ఒక్క ముడి. తాడును రెండు చుట్లు తిప్పి, కొసను కిందనుంచి తెచ్చి, ఒక మెలిక పెట్టి దూర్చాలి. ఎంత బరువు వేలాడదీసినా జారదు. విప్పాలంటే తెలిసినవాడు ఆ కొసను ఒక్క గుంజు గుంజితే చాలు, తెలియనివాడు కత్తెర వెతుక్కోవాలి. అన్న తన వ్యానులో సామాను మీద ఆ ముడే వేసేవాడు. చెల్లెలు అద్దాలు తుడిచే కర్రకు గుడ్డ కట్టడానికి ఆ ముడే వేసేది.

వంగనమ్మ, వదిన పనిచేసేది పరుపులూ సోఫాలూ అమ్మే పెద్ద దుకాణంలో. గోడలన్నీ అద్దాలే, నేల నుంచి కప్పు దాకా. రోడ్డువైపు అద్దం వెనక మెత్తటి పరుపు మీద ఒక బొమ్మ హాయిగా పడుకుని ఉంటుంది. పక్కన పెద్ద అక్షరాలతో "మీ నడుముకు మా హామీ" అని రాసి ఉంటుంది. ఆ అద్దం తుడిచేవాళ్ల నడుముకు హామీ ఇచ్చిన నాథుడు మాత్రం లేడు.

అద్దం పైభాగంతో పేచీ లేదు. ప్రాణం తీసేది కిందిభాగమే. పిల్లల చేతిముద్రలు, కుక్కల ముక్కుల మరకలు, వాన చిందించిన బురద, అన్నీ మోకాలి కిందే ఉంటాయి. వంగనమ్మ చేరిన కొత్తలో అక్కడ బకెట్టు నేల మీదే ఉండేది. గుడ్డ ముంచడానికి ఒకసారి, పిండడానికి ఒకసారి, తుడవడానికి ఒకసారి వంగేవాళ్లు. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు అందరూ కొడవళ్లలా ఉండేవాళ్లు.

ఆమె చేసిన మార్పులు వింటే, ఇంతేనా అనిపిస్తుంది. బకెట్టును స్టూలు ఎక్కించింది, నీళ్లు నడుము ఎత్తుకు వచ్చాయి. అద్దం మీది నీళ్లు లాగే రబ్బరు పట్టీకి కర్ర బిగించి, దానికి గుడ్డ చుట్టి కట్టింది. మరీ కింది అంచు దగ్గరకొచ్చినప్పుడు, మడతపెట్టిన గోనె మీద ఒక మోకాలు ఆన్చి, రెండో పాదం ముందుకు వేసి, వీపు నిటారుగా పెట్టి తుడిచేది. కాసేపటికి మోకాలు మార్చేది. పక్కకు ఒరిగి చెయ్యి చాచడం ఆమెకు అసలు గిట్టదు. "చెయ్యిని పంపకు, నువ్వే వెళ్లు" అనేది.

కర్ర విషయంలో అయితే ఆమెకు చాదస్తమే. కొట్లో అమ్మే కర్రలన్నీ ఒకే పొడవు ఉంటాయి, మనుషులు ఉండరు కదా! నేల మీద నిలబెడితే కర్ర సరిగ్గా ఆ మనిషి గడ్డం దగ్గరకు రావాలి. పొట్టిదైతే నడుము వంగుతుంది, పొడుగైతే భుజాలు లేస్తాయి. అందుకని ఎవరి కర్ర వాళ్లకు దారంతో కొలిచి కోసేది. దారం ఒక కొసకు ఉచ్చు వేసి, దాన్ని కాలి బొటనవేలికి తగిలించి, నిటారుగా పైకి లాగి గడ్డం దగ్గర ముడి వేయాలి. వాళ్ల నాన్నకు టేపు ఉండేది కాదు. మనుషుల్నీ వెదుళ్లనూ కూడా ఆయన అలాగే కొలిచేవాడు.

వదిన పొడగరి. ఆమె కర్ర వంగనమ్మ కర్ర కంటే జానెడు ఎక్కువ. కర్రకు గుడ్డ కట్టుకోవడం మాత్రం ఆమెకు పట్టుబడలేదు. ఎన్నిసార్లు చూపించినా ఆ ముడి జారిపోయేది. "మీ పుట్టింటి విద్య నాకెందుకొస్తుందిలే, నువ్వే కట్టు తల్లీ" అని కర్ర చేతిలో పెట్టేసేది. రోజూ పొద్దున్నే ఇద్దరి గుడ్డలూ వంగనమ్మే కట్టేది. ఒకరు పైభాగం, ఒకరు కిందిభాగం. భోజనాలయ్యాక వంతులు మారేవి. కింద ఉన్నవాళ్లకు రెండో ఆవిడ కబుర్లు చెప్పాలని వాళ్ల ఒప్పందం. ఆ కబుర్లలో అన్న గురకా, వదిన పిల్లల చదువూ, ఈ మధ్య మొగుడితో పడక అక్క ఇంటికి చేరిన వదిన చెల్లెలి కష్టాలూ అన్నీ దొర్లేవి.

ఇంత జాగ్రత్తా ఇప్పటిది. వయసులో ఉన్నప్పుడు వంగిన వంగుళ్లన్నిటినీ నడుము దాచిపెట్టుకుంది. ఒకరోజు పొద్దున గోనె మీంచి లేవబోతే ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు నడుము పట్టేసింది. వంగనమ్మ అద్దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయింది. వదినే ఆమెను మెల్లగా నడిపించి సోఫాల వెనక నేల మీద పడుకోబెట్టింది. వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి కాపడం పెట్టింది. ఆ పూట పైభాగమూ కిందిభాగమూ తనే తుడిచి, అడిగినవాళ్లకు "స్టోర్ రూములో ఉంది" అని చెప్పింది.

"వదినా, మేనేజరు చెవిన పడితే నా పని అయిపోయినట్టే" అంది వంగనమ్మ పడుకునే.

అది నిజం. మెట్లు తుడిచే ముసలాయనకు ఇలాగే పట్టేస్తే, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని ఇంటికి పంపారు. ఆ విశ్రాంతి ఇప్పటిదాకా పూర్తి కాలేదు. ఈ పని పోతే, ఈ వయసులో, ఈ నడుముతో తనను ఇంకెవరూ పనిలో పెట్టుకోరని వంగనమ్మకు తెలుసు.

"నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. మీ అన్నయ్యకు కూడా చెప్పను. నా పిల్లల మీద ఒట్టు" అంది వదిన, గుడ్డ మళ్లీ వేడి చేస్తూ.

ఆ రోజు నుంచి భోజనాలయ్యాక కూడా కిందిభాగం వదినే తుడిచింది. వంగనమ్మ వద్దంటే, "నోర్ముయ్, పైన తుడువు" అని కసిరేది. సొంత అక్క ఉన్నా ఇంతకంటే చూసుకోదు అనుకుంది వంగనమ్మ. ఇంటికెళ్లి మొగుడితో కూడా అదే మాట అంది.

తర్వాత కొన్నాళ్లకు వదిన ఒక దారం తెచ్చింది.

"నాకు ఇంకో కర్ర చేసిపెట్టు. ఇంట్లోనే కొలుచుకొచ్చా, ఇదిగో."

వంగనమ్మ దారాన్ని సాగదీసి చూసి పకపకా నవ్వింది. "ఏంటి వదినా, రాత్రికి రాత్రి అరిగిపోయావా? ఇది నీ గుండెల దాకా కూడా రాదు."

"కింది అద్దాలకేలే. మోకాలి మీద కూర్చుంటే పొడుగు కర్ర అడ్డమొస్తోంది. ఇంత ఉంటే చాలు."

ఇందులో అబద్ధం ఏముంటుంది? రోజూ కింద తుడుస్తున్నది వదినే, అదీ తన కోసం. వంగనమ్మ మంచి కర్ర ఏరుకుంది. కోసి, పేళ్లు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో నున్నగా రుద్దింది. చేతులు పట్టుకునే రెండు చోట్లా పాత దుప్పటి పేలికలు చుట్టి కుట్టింది. తన కర్రకు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. కొలత దారాన్ని ఇంట్లో తలుపు వెనక మేకుకు తగిలించి, ఆ సంగతి మర్చిపోయింది.

ఆ కర్ర వదిన చేతిలో ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. అడిగితే, "ఇంట్లో ఉందిలే, తెస్తా" అంది వదిన. వారం తిరిగేసరికి అది దుకాణానికి వచ్చింది కానీ, తెచ్చింది వదిన కాదు.

పొద్దున వంగనమ్మ వెళ్లేసరికి పరుపు మీది బొమ్మ ముందు వదిన చెల్లెలు నిలబడి ఉంది. చేతిలో ఆ కర్ర. నేల మీద ఆనించి పట్టుకుంది. కర్ర పైకొస సరిగ్గా, వెంట్రుక వాసి తేడా లేకుండా, ఆమె గడ్డం దగ్గర ఆగింది.

 వంగనమ్మ మనిషిని పోల్చుకోక ముందే కొలతను పోల్చుకుంది.

"వదినగారూ!" అని నవ్వుతూ ఎదురొచ్చింది ఆ అమ్మాయి. "కర్ర ఎంత బాగా చేశారండీ! పేలికలు కూడా కుట్టారు. మీ నడుము బాగాలేకపోయినా నాకోసం ఇంత కష్టపడ్డారని అక్క చెప్పింది. మీ పని నాకు వదిలేస్తున్నారంటే ముందు నమ్మలేదండీ. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు చెప్పండి?"

ఆ మొహంలో వెటకారం లేదు. ఆ అమ్మాయికి తెలిసింది అంతే. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. వంగనమ్మ నేరుగా మేనేజరు గదికి నడిచింది.

మేనేజరు చెడ్డవాడైతే బాగుండేది, నాలుగు దులిపి వచ్చేది. ఆయన లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"కూర్చోండమ్మా, నడుముకు మంచిది. మీ వదినగారు అంతా చెప్పారు. ఆరోగ్యం కంటే ఏదీ ఎక్కువ కాదు."

"నేను మానేస్తానని ఎవరితోనూ అనలేదండీ."

ఆయన కంగారుపడ్డాడు. "అదేంటమ్మా? కొత్తావిడకు కర్ర కూడా మీరే చేసిచ్చారుగా? నిన్న సాయంత్రం తీసుకొచ్చి చూపించింది. సరిగ్గా ఆమె కొలతకే ఉంది. మీరు ఒప్పుకోకపోతే ఎందుకు చేస్తారు?"

 ఆ కర్ర నేను చేయలేదు అనడానికి వంగనమ్మకు లేదు. ఆ అమ్మాయి కోసం చేయలేదు అంటే ఎవరు నమ్ముతారు? ఆ దారం, ఆ నవ్వు, ఆ మోకాలి మీద కబుర్లు, అన్నీ ఈయనకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలి?

"పోనీ నిజం చెప్పండి" అన్నాడు మేనేజరు మెత్తగా. "నడుము పట్టేసిందా లేదా?"

తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టు అయింది. ఆమె లేచి, కుర్చీని జాగ్రత్తగా వెనక్కి జరిపి బయటికి వచ్చింది.

వదిన వెనక అద్దాల దగ్గర ఉంది. ఈవైపు తిరగకుండా తుడిచిన అద్దాన్నే తుడుస్తోంది.

"పిల్లల మీద ఒట్టు పెట్టావు కదా వదినా?"

"ఒట్టు తీసి గట్టున పెట్టు" అంది వదిన, తల తిప్పకుండానే. "అది నా ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం ఏడుస్తుంటే నేనేం చేయను? నీకు మొగుడున్నాడు, గూడుంది. దానికేముంది? నీ నడుము ఎలాగూ ఎన్నాళ్లో ఆగేది కాదు. నెలో రెణ్ణెల్లో వాళ్లే పంపేవాళ్లు. అప్పుడీ పని ఎవరికి పోతుందో?"

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్నో కాదో వంగనమ్మకూ తెలియదు. కానీ అడిగించుకునే వరకైనా తనకు హక్కు ఉందనుకుంది. కింద కూర్చుని తుడిచిందీ, కాపడం పెట్టిందీ, నోర్ముయ్ అని కసిరిందీ ప్రేమతోనా, లేక ఈ ఆలోచన అప్పటికే ఉందా అని అడగాలనిపించింది. ఏ జవాబు వచ్చినా నమ్మలేనని అర్థమై అడగలేదు. సొంత అక్కలా అనుకున్న మనిషి, అద్దంలో కనిపించే నీడలా ముట్టుకుంటే చల్లగా తగిలింది.

"మీ అన్నయ్యకు ఇదంతా తెలియదు" అంది వదిన, ఈసారి కొంచెం తొందరగా. "ఆయన్ని ఇందులోకి లాగకు. ఏమన్నా అనాలంటే నన్నను."

వంగనమ్మ తన కర్ర తీసుకుంది. రోడ్డువైపు అద్దం దగ్గర కొత్తావిడ పనిలోకి దిగింది. బకెట్టు నేల మీద పెట్టుకుని, నడుము రెండుగా మడిచి గుడ్డ ముంచుతోంది. వంగనమ్మ దాటి వెళ్లిపోదామనుకుంది. నాలుగడుగులు వేసింది కూడా. కానీ పాడు నోరు ఊరుకోదు కదా.

"వంగకు" అంది వెనక్కి వచ్చి. "బకెట్టు ఆ స్టూలు మీద పెట్టుకో. కింద తుడిచేటప్పుడు గోనె వేసుకో, మోకాలు ఆన్చు. చెయ్యిని పంపకు, నువ్వే వెళ్లు."

"అలాగే వదినగారూ" అంది ఆ అమ్మాయి. స్టూలు వంగనమ్మ సొంతం. దాన్ని ఆమె అక్కడే వదిలేసింది.

ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక ఏడుపు వచ్చింది. దారి పొడవునా పళ్ల బిగువున ఆపుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. మొగుడు హోటల్లో వంట ముగించుకుని రావడానికి ఇంకా చాలా పొద్దు ఉంది. ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కుని, అన్నయ్యకు చెప్పాలి అనుకుంది. అన్నయ్యకు తెలిస్తే ఊరుకోడు. చిన్నప్పుడు చెల్లెల్ని కోతి అన్నాడని పక్కింటివాడి సైకిలు కాలవలో పడేసిన మనిషి. ఆ సంగతి గుర్తొచ్చి ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది. పుట్టింటి దిక్కు ఒక్కటైనా మిగిలింది కదా అని ఊపిరి పీల్చుకుంది.

కర్రను తలుపు వెనక పెట్టబోతే, మేకుకు వేలాడుతున్న దారం చేతికి తగిలింది.

తెంపి పారేద్దామని తీసింది. కోపంగా రెండు చేతులతో గుంజింది. బొటనవేలి ఉచ్చు బిగిసింది కానీ జారలేదు. మళ్లీ గుంజింది. జారలేదు.

అప్పుడు చూసింది ఆ ముడిని. రెండు చుట్లు, కిందనుంచి కొస, ఒక మెలిక. గడ్డం దగ్గర ముడి కూడా అదే. రోజూ తన వేళ్లు వేసే ముడే కాబట్టి, కర్ర కోసిన రోజు దాన్ని చూసి కూడా చూడలేదు. తన మొహాన ఉన్న పుట్టుమచ్చను ఎవరు పనిగట్టుకుని చూస్తారు? వదినకు ఆ ముడి రాదు. వదిన చెల్లెలికి అసలే రాదు.

వంగనమ్మ దారాన్ని గుప్పిట్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

పొద్దువాలే వేళకు బయట వ్యాను ఆగింది. అన్న లోపలికి వచ్చాడు, చేతిలో వేడినీళ్ల రబ్బరు సంచి, కొత్తది, అట్టపెట్టెలో. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చెల్లెలి మొహం వైపు చూడకుండా పెట్టెను బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడే తెలిసింది" అన్నాడు. "మీ వదిన ఇలా చేస్తుందని కలలో కూడా అనుకోలేదు. నాతో ఒక్క మాటైనా అనలేదు చూడు. ఇంటికెళ్లి దాని సంగతి తేలుస్తా. నువ్వు మాత్రం మనసులో పెట్టుకోకు. ఎలా చూసినా నీ నడుముకు ఇదే మంచిదేమో..."

వంగనమ్మ ఆయన్ని ఆపలేదు. చివరిదాకా చెప్పనిచ్చింది. ఆ తర్వాత గుప్పిట విప్పి దారాన్ని ఆయన చేతిలో పెట్టింది.

"ఏంటిది?"

"నీకు తెలియదా?"

"ఏదో దారం" అన్నాడు అన్న. అంటూనే ఆయన వేళ్లు, పాపం, అలవాటు ప్రకారం వాటి పని అవి చేసేశాయి. చూపుడువేలు ఉచ్చును తడిమింది, బొటనవేలు కొసను పట్టుకుంది, ఒక్క గుంజు. ఉచ్చు విడిపోయింది. ఉత్త దారం చేతిలో వేలాడింది.

అన్న ఆ దారం వైపు చూశాడు. మెడ దగ్గరనుంచి మొహం దాకా రంగు మారింది.

"నాన్న ముడి మనిద్దరికే వచ్చు అన్నయ్యా" అంది వంగనమ్మ. "ఇది నేను వేయలేదు."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఇంట్లో రోజూ పోరు అనో, నేను కొలిచి ఇచ్చానంతే అనో.  దారాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో కుక్కుకున్నాడు. మళ్లీ తీసి, వేడినీళ్ల సంచి పక్కన బల్ల మీద పెట్టాడు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి వంగాడు. వ్యాను తోలి తోలి ఆయన నడుమూ ఏమంత బాగుండదు. పట్టీ చేతికి చిక్కక చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు, నాన్నలాగే నేలను చూస్తూ. వంగకు, కూర్చుని వేసుకో అని చెల్లెలు అంటుందని కాసేపు ఆగినట్టు కూడా ఉంది.

వంగనమ్మ చూస్తూ నిలబడింది. ఏమీ అనలేదు.